కొండకి చెమట పట్టినప్పుడు

మా పెద్దమ్మ ఇల్లు చిట్టినగర్ సొరంగం దగ్గర కొండ మీద. కింద రోడ్డు మీద బండి ఆపి 112 మెట్లు ఎక్కాలి, గ్యాస్ బండ మోసుకొచ్చే కుర్రాడు మధ్యలో రెండు చోట్ల దింపుకుని గానీ పైకి రాలేడు. ఆ ఇంటికి మూడు వైపులే ఇటుక గోడలు, నాలుగో వైపు కొండే గోడ. ఎప్పుడో మా పెదనాన్న గునపం, సమ్మెట పట్టుకుని కొండని నిలువుగా చెక్కి, ఆ కోతకి ఆనించి వంటగది వేసి, పైన రేకులు పరిచారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే నేను ఆ రాతికి వీపు ఆనించి కూర్చునేదాన్ని, మే నెల బెజవాడ ఎండల్లో కూడా చల్లగా ఉండేది. రాతి నిండా ఎర్రటి చుక్కలు. అచ్చం దానిమ్మ గింజల్లా ఉన్నాయని మేకుతో పెకిలించి అగ్గిపెట్టెలో దాచుకునేదాన్ని. అవి గార్నెట్లనే ఖనిజాలనీ, ఆ పేరు కూడా లాటిన్‌లో దానిమ్మని చెప్పే మాట నుంచే వచ్చిందనీ ఎమ్మెస్సీలో చేరాక తెలిసింది.

2024 ఆగస్టు 31, శనివారం. ముందు రోజు రాత్రి నుంచీ వాన తెరిపివ్వలేదు. పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏమ్మా, కొండకి చెమట పట్టిందే, వంటింటి గోడంతా కారుతోంది" అంది. ఆ మాట ఆవిడ నోట నాకు కొత్త కాదు, ప్రతి వానాకాలం అంటుంది. ఆ రోజు మాత్రం నాకు ఎందుకో అనుమానం వచ్చి "ఆ నీళ్ళు తేటగా ఉన్నాయా పెద్దమ్మా, మట్టి రంగులో ఉన్నాయా?" అని అడిగాను. "ఇందాకటిదాకా తేటగానే ఉన్నాయి, ఇప్పుడు టీ నీళ్ళలా వస్తున్నాయి" అంది. బీపీ మాత్రలు, ఫోన్ తప్ప ఇంకేమీ తీసుకోకుండా వెంటనే కిందికి దిగిపొమ్మన్నాను. పొయ్యి మీద పప్పు ఉందని గొణిగింది గానీ, దిగింది. పక్కింటి వాళ్ళని కూడా పిల్చుకుని దిగింది.

అదే రోజు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడ్డాయి, మనుషులు పోయారు. మా పెద్దమ్మ ఇంట్లో బీరువా అంత బండ ఒకటి రేకుల్ని చీల్చుకుని వచ్చి స్టవ్ పక్కన పడింది. ఇంకో రోజు గడిచేసరికి బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగిపోయింది, జనం డాబాల మీద నిలబడి పాల ప్యాకెట్ల కోసం చేతులు చాచిన ఆ రోజుల్ని మన ఊళ్ళో ఎవరమూ మరిచిపోలేం. కింద ఉన్నవాళ్ళకి నీళ్ళ భయం, పైన ఉన్నవాళ్ళకి రాళ్ళ భయం. కొండ మీద ఇల్లు ఎవరూ సరదాకి కట్టుకోరు. చదును నేల మీద గజం కొనలేక ఎక్కినవాళ్ళే అందరూ. అందుకే "అక్కడ కట్టుకోవడం వాళ్ళ తప్పు" అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నీళ్ళు తగ్గాక సుత్తి, లెన్స్, కంపాస్ పట్టుకుని ఆ వంటగది వెనక్కి వెళ్ళాను. జియాలజిస్టుగా ఇన్నేళ్ళలో ఎన్నో కొండలు తిరిగాను గానీ, నేను వీపు ఆనించి పెరిగిన రాతిని లెన్స్ పెట్టి చూడటం అదే మొదటిసారి.

బండ ఊడిపడిన చోట గచ్చు రాలిన గోడలా పచ్చి గాయం. మూరెడు మందాన రాయి రాయిలా లేదు. పైన తుప్పు రంగు, లోపల సుద్ద తెలుపు. వేలితో రుద్దితే పొడి రాలుతోంది, తడి చోట సబ్బు ముక్కలా జారుతోంది. నా అగ్గిపెట్టెలోని దానిమ్మ గింజలు అక్కడ గోధుమ రంగు మరకలైపోయాయి, కొన్ని చోట్ల గింజ రాలిపోయి గుంట మాత్రం మిగిలింది. మధ్యమధ్యలో పట్టుదారాల్లా తెల్లగా మెరిసే సన్నటి పోగులు కనిపించాయి, అది సిల్లిమనైట్ అనే ఖనిజం. ఒక పొర దగ్గర వేలు పెడితే పెన్సిల్ ములుకు పూసినట్టు నల్లగా అంటుకుంది, అది గ్రాఫైట్. ఈ మూడూ కలిసి ఉన్నాయంటే ఆ రాయి పేరు ఖొండలైట్. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లో ఉండే కోంధు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరిది. మన ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు, ఏటి అవతల సీతానగరం, ఉండవల్లి, అన్నీ ఇదే కుటుంబం, తూర్పు కనుమల కుటుంబం.

గ్రాఫైట్ అంటిన వేలిని నేను కడుక్కోకుండా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఈ రాయి ఒకప్పుడు బురద. నీళ్ళ అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టి. ఆ బురదలో కలిసిన జీవపదార్థంలోని కార్బనే ఇలా గ్రాఫైట్ అయింది. ఆ బురద భూమి లోపలికి ఇరవై కిలోమీటర్లకి మించిన లోతుకి దిగిపోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, నలిగి, మడతలు పడి, బంకమట్టి కాస్తా గార్నెట్‌గా, సిల్లిమనైట్‌గా మారింది. మన వైపు రాళ్ళల్లో ఇది జరిగి సుమారు 160 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. ఆ తర్వాత మీదున్న కిలోమీటర్ల కొద్దీ రాయి అరిగి అరిగి పోతే, అంత లోతులో ఉడికింది ఇప్పుడు మన వంటగది గోడగా బయటపడింది. తూర్పు అంటార్కిటికాలో ఇదే వరుసకి చెందిన రాళ్ళున్నాయి, మన తీరమూ అదీ ఒకే నేలగా ఉండి సుమారు 13 కోట్ల ఏళ్ళ కింద విడిపోయాయి.

మన కొండ కష్టమంతా అక్కడే ఉంది. అంత వేడిలో, అంత ఒత్తిడిలో పుట్టిన ఖనిజాలకి పైన వానా గాలీ పడవు. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం సుద్ద అవుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి రాతికి ఆ ఎర్రటి చారలు పెడుతుంది. క్వార్ట్జ్, అంటే పలుగురాయి, ఎక్కువున్న పొర మాత్రం గట్టిగా బండలా నిలబడుతుంది. అంటే పైకి ఒకే కొండలా కనిపించేది నిజానికి గట్టి బండలు, వాటి మధ్య మెత్తటి సుద్ద పొరలు. ఎండాకాలం ఆ సుద్ద గట్టిగానే ఉండి బండల్ని పట్టుకుంటుంది. వాన నీరు నెర్రెల్లోంచి దిగి ఆ పొర తడిశాక, దాని మీదున్న బండకి పీట మీద నూనె పోసినట్టు అవుతుంది. పొరల వాలు కొండ లోపలికి ఉంటే బండ పట్టుకుని ఉంటుంది, ఇంటి వైపుకో రోడ్డు వైపుకో ఉంటే జారుతుంది. ఇంద్రకీలాద్రి మీద 2020 అక్టోబరులో చరియ విరిగినప్పుడు టీవీలో చూసి అందరూ "కొండ కూలింది" అన్నారు, నాకు మాత్రం ఆ ఎర్రటి, తెల్లటి చారలే కనిపించాయి. కోణార్క ఆలయం కట్టింది కూడా ఖొండలైట్‌తోనే, ఆ శిల్పాల ముఖాలు కరిగిపోతున్నదీ ఈ జబ్బుతోనే.

ఉండవల్లి గుహలకి వెళ్ళినప్పుడల్లా నేను అనంతశయనుడికి దండం పెట్టుకుని, ఆ తర్వాత స్తంభాల దగ్గర ఆగిపోతాను. నాలుగు అంతస్తులు కొండలోకి తొలిచారు, క్రీస్తుశకం నాలుగో, అయిదో శతాబ్దం నాటి పని. అంత తొలవగలిగారంటే రాయి కొంత సహకరించింది, మెత్తబడిన చోటు చూసుకుని ఉలి దింపి ఉంటారని నాకు అనిపిస్తుంది. ఉలికి లొంగిన ఆ గుణమే ఇప్పుడు స్తంభాల్ని పొడి రాలేలా చేస్తోంది. అక్కడ శిల్పాలన్నీ పెద్దవి, రూపురేఖలు మొరటుగా ఉంటాయి, దానికి శిల్పుల నేర్పు తక్కువ కావడం కారణం కాదనే నేను అంటాను. సుద్దలాంటి రాతిలో ఇనుప గింజల్లాంటి గార్నెట్లు అడుగడుగునా తగులుతుంటే కనురెప్పా, గోరూ ఎలా చెక్కుతారు?

దీనికి రుజువు కావాలంటే అమరావతి చూడండి. ఉండవల్లి నుంచి ఎంతో దూరం లేదు, అదే కృష్ణ ఒడ్డు. కానీ అక్కడి స్తూపానికి ఇక్కడి కొండరాయి వాడలేదు, ఎగువన పల్నాడు నుంచి సున్నపురాయి తెచ్చుకున్నారు. ఆ రాయి పుట్టిన సముద్రం మన బురద సముద్రం కాదు. అది ఈ కొండలు ఉడికి చల్లారిన చాలా కాలానికి పల్నాడు మీద పరుచుకున్న సముద్రం, దాని అడుగున పేరుకున్న మెత్తటి సున్నపు మడ్డి ఆ తర్వాత పెద్దగా నలగకుండా కాగితాల దొంతరలా మిగిలిపోయింది. మాచర్ల వైపు ఇళ్ళకి పరిచే నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో కాలే రాయి, సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేది, అంతా ఆ దొంతరలోదే. గింజ కంటికి కనిపించనంత సన్నం, పైగా మెత్తన, అందుకే జాతక కథల్లో మనుషుల మెడలో హారాల్లోని పూస పూసా కనిపించేలా చెక్కగలిగారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్ని చాలాకాలం "మార్బుల్స్" అనే పిలిచారు, అది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. పాలరాయి అనకపోతే విలువ తగ్గుతుందా? నాకైతే పల్నాటి రాయి అంటేనే గర్వంగా ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కింద ఎవరో ఒక శిల్పి రెండు రాళ్ళనీ చేత్తో తడిమి చూసి, పక్కనే ఉన్న కొండని వదిలి దూరంలో ఉన్న రాతిని ఎంచుకున్నాడు. నా లెన్స్ చెప్పేది ఆయన బొటనవేలు ముందే చెప్పింది.

మంగళగిరి గురించి రాయకపోతే మా వాళ్ళు ఊరుకోరు. ఆ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపల గంధకం ఉందనీ, అది చల్లబడటానికే పానకం పోస్తారనీ ఆటోవాళ్ళ దగ్గర్నుంచి కాలేజీ పిల్లల దాకా చెబుతారు, వాట్సాప్‌లో అయితే దీన్ని సైన్స్ అని పంపుతారు. అది అగ్నిపర్వతం కాదు. లావా బయటికొచ్చి గబగబా చల్లారితే రాయి సాధారణంగా సన్నటి గింజతో, నల్లగా ఉంటుంది. మంగళగిరి రాయి ముతక గింజలతో, చారలు చారలుగా, భూమి లోతుల్లో తీరిగ్గా పుట్టిన రాయి, మన బెజవాడ కొండల చుట్టమే. నిజంగా లావా చూడాలంటే రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీలకి వెళ్ళాలి. నేను కొండెక్కి పానకం పోయించుకుంటాను, స్వామి సగం తాగి సగం ప్రసాదంగా ఇస్తాడన్న మాట నాకు ఇష్టం, ఆ గుటక చప్పుడు ఇష్టం. ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి లేని అగ్నిపర్వతం తేవాల్సిన పని లేదని మాత్రం చెబుతాను.

బెజ్జం కథ వేరు, అందులో నిజం ఉంది. కృష్ణమ్మ సముద్రానికి వెళ్ళడానికి కొండలు అడ్డొస్తే కొండకి బెజ్జం పడిందనీ, అందుకే బెజ్జంవాడ, బెజవాడ అయిందనీ పెద్దమ్మ చెప్పేది. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూస్తే ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో కృష్ణ. రెండు ఒడ్డుల్లోనూ ఒకే రాయి. ఒకప్పుడు ఒకటే వరుస. అయితే నది వచ్చి నిలబడి ఉన్న కొండని గుద్దుకుని చీల్చింది అనుకోకూడదు. నది ముందునుంచీ పైన ఎక్కడో పారుతూనే ఉంది. చుట్టూ నేల అరిగి కిందికి దిగే కొద్దీ గట్టి రాయి కొండగా మిగులుతూ వచ్చింది, నది మాత్రం తన దారి వదలకుండా అదే గీత మీద లోతుకి కోసుకుంటూ దిగింది. చెక్క మీద రంపం కదలకుండా ఉంచి, చెక్కనే పైకి నెట్టినా గాడి పడుతుంది కదా, అలాగన్నమాట.

ఆ ఇరుకు చోటు ఎంత విలువైందో ఇంజనీర్లకి వెంటనే అర్థమైంది. 1852లో మొదలై 1855కి ఆనకట్ట పూర్తయింది ఇక్కడే, రెండు వైపులా ఆనడానికి కొండలున్నాయి, రాయి చేతికందే దూరంలో ఉంది. 1952లో అది తెగాక ప్రకాశం బ్యారేజీ కట్టి 1957లో తెరిచారు. మహాబలేశ్వర్ దగ్గర నల్లరాతి మీద పుట్టిన నది నాలుగు రాష్ట్రాల నీళ్ళు మోసుకొచ్చి, 1.2 కిలోమీటర్ల ఆ సందులోంచే పోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కూడా అందులోంచే పోయింది, నేను ఆ రోజు కరకట్ట మీద నిలబడ్డాను, కాళ్ళ కింద నేల సన్నగా అదరడం తెలుస్తూనే ఉంది.

బ్యారేజీ దాటితే కొండలు అయిపోయినట్టే. అక్కడి నుంచి హంసలదీవి దాకా అంతా నది తెచ్చి పోసిన నేల. ఆరు వేల ఏళ్ళ కింద సముద్రం కొల్లేరు దాకా ఉండేది, వెనక్కి జరుగుతూ వదిలిన ఇసుక మేటలు బాపట్ల వైపు వరుసలు వరుసలుగా ఇప్పటికీ ఉన్నాయి. మన కోస్తా ఇసుకని దోసిట్లోకి తీసుకుని ఎండలో వాలుగా పట్టుకుంటే ఎర్రటి రేణువులు మెరుస్తాయి. గార్నెట్లే. కొండ నుంచి రాలిన గింజలు అక్కడిదాకా వెళ్తాయి. అంటే కొండ రాలడం కొత్తగా వచ్చిన ఆపద కాదు, కోట్ల ఏళ్ళుగా దాని పనే అది. కొత్తది ఏమిటంటే ఆ రాలే దారిలో మనం వంటగదులు కట్టుకున్నాం.

పైగా ఆ రాలడాన్ని మనమే తొందరపెడుతున్నాం, ఇది చెప్పాలనే ఇంత రాశాను. వాలుగా ఉన్న కొండని నిలువుగా కోస్తే సుద్ద పొరకి కింద ఆసరా పోతుంది. పై ఇంటి బాత్రూం నీళ్ళు గొట్టం లేకుండా కొండలోకే వదిలితే, కొండకి ఏడాది పొడవునా వానాకాలమే. మా పెద్దమ్మ వాళ్ళ సందులో ఒక కాంట్రాక్టర్ రెండేళ్ళ కింద రాతి కట్టుబడితో అడ్డుగోడ కట్టాడు, చూడటానికి దిట్టంగా ఉంది, కానీ వెనక చేరిన నీళ్ళు బయటికి పోవడానికి ఒక్క గొట్టం కూడా పెట్టలేదు. గోడ వెనక నీరు నిలిచి నిలిచి ఇప్పుడు నిండు చూలాలి పొట్టలా ముందుకి ఉబ్బింది. గజానికొక గొట్టం పెట్టి ఉంటే ఎంతవుతుంది? గోడ కట్టినవాడికి ఆ మాత్రం తెలియదంటే నేను నమ్మను.

కొండ మీద ఉండేవాళ్ళకి నేను వెళ్ళిన ప్రతిచోటా చెప్పేది ఇదే. కారే నీళ్ళు తేటగా ఉన్నంతసేపు కొండ తన నీళ్ళు తాను వదులుకుంటోందని అర్థం. అవి మట్టి రంగుకి తిరిగితే లోపల పొర కదులుతోంది. వాన పడుతూనే ఉన్నా కారడం హఠాత్తుగా ఆగిపోతే అది ఇంకా ప్రమాదం, దారి మూసుకుని నీరు లోపల నిలుస్తోందన్నమాట. నిన్నటిదాకా పట్టిన తలుపు ఇవాళ పట్టకపోతే, కరెంటు స్తంభమో వేపచెట్టో కొంచెం ఒరిగితే, సామాన్లు సర్దుకోకుండా దిగిపోవాలి.

వంటగదిని ఇంటి ముందు వైపుకి మార్చేశాం. ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి రమ్మంటే పెద్దమ్మ రాదు, "మీ పెదనాన్న చెక్కిన కొండ ఇది" అంటుంది, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకని వెనక రాతిలో ఉన్న నెర్రెకి అటొకటి ఇటొకటి పెయింటుతో రెండు గీతలు పెట్టి, మధ్య దూరం కొలిచి, తేదీ వేసి వచ్చాను. ఫోటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ళ పెట్టు, లేకపోతే నాకు కొలత తెలియదు అని చెప్పాను. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం రూపాయి బిళ్ళతో ఫోటో వస్తోంది. వాన పడిన రోజు నేను అడగకుండానే ఇంకో ఫోటో కూడా పంపుతుంది, గోడ మీంచి కారే నీళ్ళని స్టీలు గ్లాసులో పట్టి, పైనుంచి లోపలికి తీసిన ఫోటో. ఏడెనిమిది నెలలుగా అన్నీ తేటగానే ఉన్నాయి.

నిన్న రాత్రి వానకి కూడా పంపింది. గ్లాసు అడుగున నాలుగైదు రేణువులు ఉన్నాయి. పెద్దది చేసి చూశాను, ఇసుకో సుద్దో ఫోటోలో తెలియడం లేదు. ఇవాళ పొద్దున్నే బయల్దేరుతున్నాను.